మలుపులో కారు, మనిషి నేర్పు

(కోయంబత్తూరులో జరిగిన సంఘ సమావేశమున ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికమీద భాషను గూర్చియు, పిల్లల బడులను గూర్చియు మాటలాడుట మన వాడుక. కారు పందెములను గూర్చి ప్రసంగమేమిటని వెనుక వరుసలో ఇద్దరు నవ్వుకొనుట చూచితిని. నవ్వవచ్చును. కాని వేగముమీద మనసుపడిన పిల్లవాడొక్కడైనను లేని కుటుంబములు ఈ సభలో ఎన్ని యుండునో నాకు అనుమానమే. ఆ పిల్లవానితో మాటలాడువారు ఇద్దరే. తండ్రి వలదనును. విడిభాగములు అమ్మువాడు ఇది కొనుమనును. ఈ రెండు మాటల నడుమ చెప్పవలసిన మూడవ మాట ఒకటి కలదు. దానిని వేళకు చెప్పకపోవుటచేత మా యింట ఏమి జరిగినదో మొదట మనవి చేసెదను.

మా అన్నగారి కుమారునికి ఇరువది మూడేండ్లు. ఉద్యోగము దొరికిన మొదటి యేడే ఒక చిన్న కారు కొనెను. ముందు చక్రములు లాగెడు మామూలు కారు. దానికి మొదట పెద్ద శబ్దము చేయు సైలెన్సరు వేయించెను. తరువాత ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్పించి బలము పెంచెను. వెడల్పు టైర్లు వేయించెను. చివరకు కారు నేలకు అణగి అందముగా కనబడవలెనని స్ప్రింగులను కోయించెను. ఈ పనులన్నిటికి ఒక సంవత్సరపు జీతము చాలలేదు. బ్రేకు ఆయిలు మాత్రము కారు కొన్ననాటిదే.

ఒక రాత్రి స్నేహితులతో ఆళియారు నుండి వాల్పారై ఘాట్టు ఎక్కబోయెను. ఆ దారిలో నలుబది కొండమలుపులున్నవని మీలో చాలమందికి తెలియును. దిగివచ్చునప్పుడు ఒక మలుపులో సగము దూరము పోయిన తరువాత వేగము ఎక్కువైనదని వానికి తోచెను. భయపడి, చక్రము తిప్పియుండగనే బ్రేకు గట్టిగా త్రొక్కెను. కారు వెనుకభాగము గిరగిర తిరిగెను. కొండవైపునకు కొట్టుకొన్నది గనుక ప్రాణములు దక్కినవి. రెండవ వైపు లోయ. కాలు రెండు చోట్ల విరిగెను. స్నేహితులకు స్వల్పమైన దెబ్బలే తగిలినవి.

ఆస్పత్రి వరండాలో మా అన్నగారు నాతో, "వానికి ఈ పిచ్చి ఎక్కించినది నీవేరా" అని ఒక్క మాట అనిరి. అది నిజమే. నా వర్కుషాపులో పెరిగిన పిల్లవాడు వాడు. ఇంజను విప్పుట నేర్పితిని. గేర్లు మార్చుట నేర్పితిని. మలుపులో కారు ఏమి చేయునో నేర్పలేదు. ఆ లోపమును ఈ ప్రసంగముతో కొంతయైన తీర్చుకొనవలెనని వచ్చితిని.

మోటారు మన ఊరికి క్రొత్త కాదు. తెలుగు కుటుంబమున పుట్టిన జి. డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సు కొని, పొల్లాచి పళనుల నడుమ తామే నడిపి, పిదప ఎంతటి సంస్థను నిలిపిరో మనవారికి చెప్పనక్కరలేదు. కరివర్ధనుగారు మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు పందెపు కారు తయారుచేసి, సామాన్య కుటుంబముల పిల్లలకును పందెము అందునట్లు చేసిరి. వారి పేరు పెట్టిన పందెపు దారి 2003 నుండి చెట్టిపాళెములో కలదు. మన ఊరి నుండి వెళ్లిన నరైన్ కార్తికేయనుగారు 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొన్న మొదటి భారతీయుడైరి. ఇది గొప్ప చెప్పుకొనుటకు కాదు. ఘాట్టు రోడ్డుమీదికి పోవలసిన అవసరము ఈ ఊరి పిల్లలకు లేదని చెప్పుటకు.

నా సంగతి కూడ కొంత చెప్పవలెను. 1986లో నేను షోళవరములో పాత ఫియట్టు కారుతో పందెములకు దిగితిని. మద్రాసుకు ఉత్తరమున, నెల్లూరు పోవు దారిలో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల మైదానమది. అప్పటికి నా దగ్గరనున్న డబ్బంతయు కార్బురేటరుకును, క్యాంషాఫ్టుకును పోసియుంటిని. సాధన దినమున ఎన్ని చుట్లు తిరిగినను కాలము తగ్గలేదు. ఒక చుట్టు బాగుండును. మరుసటి చుట్టు మూడు సెకండ్లు ఎక్కువ పట్టును. ఇంజనుదే లోపమని కార్బురేటరు జెట్లు మార్చుచు కూర్చుంటిని.

ప్రక్క షెడ్డులో ఒక వృద్ధ మేస్త్రిగారుండిరి. సాయంకాలము నా దగ్గరకు వచ్చి, "నాయనా, ఒక్క మూడు చుట్లు నన్ను త్రిప్పనిస్తావా?" అని అడిగిరి. నా కారులో వారెన్నడును కూర్చుండలేదు. వారు త్రిప్పిన మూడు చుట్లును నా అతి మంచి చుట్టుకంటె తక్కువ కాలములో ముగిసినవి. అంతకంటె నాకు సిగ్గు కలిగించిన సంగతి, ఆ మూడింటి నడుమ తేడా అర సెకను కూడ లేదు. దిగివచ్చి వారు చెప్పిన మాట ఇది: "కారు బాగానే ఉంది నాయనా. ఐదు చుట్లు అర సెకను తేడాలో త్రిప్పేదాకా స్పానరు ముట్టుకోకు."

ఈ మాటలోని అర్థము నాకు వెంటనే బోధపడలేదు. పెద్దాయన పొదుపు చెప్పుచున్నారనుకొంటిని. వారు చెప్పినది కొలత. ఒక మంచి షాక్ అబ్సార్బరు వేసినందున చుట్టునకు మూడు పదుల వంతులు, అనగా 0.3 సెకను లాభము వచ్చినదనుకొందము. నడుపువాని చుట్లలోనే మూడు సెకండ్ల హెచ్చుతగ్గులున్నచో ఆ లాభము ఎట్లు కనబడును? కట్టెలు తూచు కాటాలో బంగారము తూచినట్లుండును. మార్చిన భాగము మేలు చేసినదో కీడు చేసినదో తెలియదు. తెలియదు గనుక మరియొకటి కొనును. అందుచేత కారును బాగుచేయుటకు మొదటి పనిముట్టు నడుపువాడే. వాడు నిలకడగా లేనంతవరకు కారునకు చేయు మార్పులన్నియు చీకటిలో విసరిన రాళ్లు.

ఇక కారు మలుపు తిరుగుట యనగా ఏమి? స్టీరింగు చక్రము త్రిప్పితే కారు తిరుగునని మనము అనుకొందుము. త్రిప్పునది నాలుగు టైర్లు నేలను పట్టుకొనిన నాలుగు చోట్లు. ఒక్కొక్క చోటు అరచేతి యంత యుండును. బ్రేకు వేసినను, వేగము పెంచినను, మలుపు తిరిగినను ఆ నాలుగు అరచేతుల పట్టే ఆధారము. ఆ పట్టునకు ఒక హద్దు కలదు. దానిని బ్రేకుకు ఖర్చు పెట్టవచ్చును, మలుపునకు ఖర్చు పెట్టవచ్చును. రెండింటికిని పూర్తిగా ఖర్చు పెట్టుటకు వీలులేదు.

చదువుకొను పిల్లలు మూడు, నాలుగు, ఐదు కొలతల త్రిభుజమును తలచుకొనుడు. టైరు పట్టు మొత్తము ఐదు పాళ్లు. బ్రేకుకు నాలుగు పాళ్లు వాడినచో మలుపునకు మిగులునది మూడు పాళ్లు. మలుపునకే ఐదు పాళ్లు వాడుచున్నప్పుడు బ్రేకుకు మిగులునది సున్న. మావాడు ఆ రాత్రి చేసినది ఇదే. మలుపునకు ఉన్నదంతయు ఖర్చయియుండగా బ్రేకుకు అప్పు అడిగెను. ఇప్పటి కార్లలో ఏ.బి.యస్. బ్రేకులుండును గదా యని యువకులందురు. అవి చక్రము బిగిసిపోకుండ చూచును. లేని పట్టును పుట్టింపవు.

రెండవ సంగతి బరువు. నిండు బిందె నెత్తిమీద పెట్టుకొని నడచు తల్లిని చూడుడు. ఆమె హఠాత్తుగా ఆగదు, హఠాత్తుగా తిరగదు. కారులోని బరువు ఆ బిందెలోని నీటివలె కదలును. బ్రేకు వేసినప్పుడు ముందుకు, వేగము పెంచినప్పుడు వెనుకకు, మలుపులో బయటి ప్రక్కకు పోవును. లెక్క చెప్పెదను. కారు 1000 కిలోలు. బరువు కేంద్రము నేలకు అర మీటరు ఎత్తున, ఎడమ కుడి చక్రముల నడుమ దూరము 1.4 మీటర్లు. కారు బరువులో ఎనిమిది పదుల వంతు బలముతో మలుపు తిరుగునప్పుడు సుమారు 285 కిలోలు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు పోవును. ఎడమ కుడి ప్రక్కలకు చెరి 500 ఉండవలసినది, బయటి ప్రక్క 785, లోపలి ప్రక్క 215 అగును. టైరుపై బరువు పెరిగిన కొలది పట్టు పెరుగును గాని, పెరిగిన బరువునకు తగినంత పెరగదు. లోపలి టైర్లు పోగొట్టుకొన్నదానిని బయటి టైర్లు పూర్తిగా తీర్చలేవు. ఎంత సమముగా బరువు నిలిచిన అంత పట్టు మిగులును.

ఇక్కడ స్ప్రింగులు కోయు విద్యను గూర్చి ఒక మాట. కారును రెండు సెంటిమీటర్లు దించినచో పై లెక్కలో కదలెడు బరువు 285 నుండి సుమారు 274కు దిగును. లాభము పదునొకండు పండ్రెండు కిలోలు. నష్టమేమన, కోసిన స్ప్రింగు క్రుంగుటకు చోటు తక్కువ. మలుపులో చిన్న గతుకు వచ్చినప్పుడు క్రింది రబ్బరు దిమ్మకు తగిలి చక్రము కొయ్యవలె బిగియును. అంతవరకు మెల్లగా హెచ్చరించుచు వచ్చిన కారు ఆ క్షణమున చెప్పకయే జారును. మావాని కారు జారిన తీరు చూచిన తరువాత నాకు మిగిలిన అనుమానమిదే. బ్రేకు వలన వెనుకభాగము తేలికయైనది. కోసిన స్ప్రింగు మిగిలిన పని ముగించినది. తగిన కొలతతో తయారైన పొట్టి స్ప్రింగులు వేరు, రంపముతో కోసినవి వేరు.

ఇప్పుడు నడుపువాని పని. మలుపు నొకదానిని 50 మీటర్ల అర్ధవ్యాసము గల వలయముగా తిరుగుచున్నామనుకొనుడు. టైరు పట్టు బరువులో తొమ్మిది పదుల వంతు. అప్పుడు గరిష్ఠ వేగము గంటకు సుమారు 75 కిలోమీటర్లు. అదే మలుపును రోడ్డు వెడల్పంతయు వాడి, బయటి అంచునుండి ప్రవేశించి, లోపలి అంచును తాకి, మరల బయటి అంచునకు పోవునట్లు 60 మీటర్ల అర్ధవ్యాసముతో తిరిగినచో వేగము సుమారు 83 అగును. టైరు మార్చకయే, ఇంజను ముట్టకయే, గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు. దారి మార్చకుండ ఇంత లాభము కావలెనన్నచో పట్టు నూటికి ఇరువది పాళ్లు ఎక్కువగల టైర్లు కొనవలెను. అవి అరిగిపోవును. కంటికి తెలిసిన దారి అరగదు. ఇది పందెపు దారిలో చేయవలసిన పని. ఎదురుగా లారీ రాగల రోడ్డులో రోడ్డు వెడల్పు మనది కాదు.

మలుపు తరువాత పొడవైన తిన్నని దారి యున్నచో లోపలి అంచును కొంచెము ఆలస్యముగా తాకవలెను. అప్పుడు చక్రము త్వరగా తిన్నన చేసి, ఆక్సిలరేటరు ముందుగా త్రొక్కవచ్చును. ప్రవేశమున రెండు కిలోమీటర్లు తగ్గించుకొన్నవాడు నిర్గమమున ఐదు సంపాదించి, ఆ ఐదింటిని తిన్నని దారి పొడవునను అనుభవించును. యువకులు దీనికి విరుద్ధముగా చేయుదురు. ప్రవేశమున శౌర్యము, నడుమ భయము, చివర నీరసము. నేనును అట్లే చేసియుంటిని.

చూపు సంగతి చెప్పక తప్పదు. చేతులు కన్నుల వెంట పోవును. గోడను చూచినవాడు గోడకే పోవును. బ్రేకు వేయునప్పుడు మలుపు లోపలి అంచును, లోపలి అంచునకు చేరకముందే బయటకు పోవు చోటును చూడవలెను. బ్రేకు మొదట గట్టిగా, చక్రము త్రిప్పిన కొలది మెల్లమెల్లగా విడువవలెను. ఆ విడుచుటలోనే నేర్పంతయు నున్నది. త్రొక్కుట ఎవరికైనను వచ్చును.

మహాభారతములో నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలిన కథ మనకందరకు తెలిసినదే. బాహుకుడు బక్కచిక్కిన గుఱ్ఱములను ఎంచుకొనగా రాజు సందేహించెను. అశ్వహృదయము తెలిసినవానికి ఏ గుఱ్ఱమేమి చేయగలదో తెలియును. మన పిల్లలు బలిసిన గుఱ్ఱములను కొని, హృదయమును అడుగుట మరచుచున్నారు.

ఈ యుగములో దీనికి మంచి సాక్ష్యము అమెరికా దేశపు మార్క్ డోనహ్యూ. ఆయన ఇంజనీరింగు పట్టభద్రుడు. 1972లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెము గెలిచెను. కారును విశాలమైన మైదానమున వలయాకారముగా త్రిప్పి, ఒక్కొక్క మార్పునకు పట్టు పెరిగినదా తగ్గినదా యని కొలుచుట ఆయన పద్ధతులలో ఒకటి. ఆ పద్ధతి మనకును అందుబాటులోనిదే. యజమాని అనుమతితో, చుట్టును చెట్టుగాని గోడగాని మనిషిగాని లేని చదునైన సిమెంటు మైదానమున ముగ్గుతో 15 మీటర్ల అర్ధవ్యాసముగల వలయము గీయుడు. దానిమీద మెల్లగా వేగము పెంచుచు తిరుగుడు. బరువులో ఎనిమిది పదుల వంతు పట్టుగల కారు గంటకు 39 కిలోమీటర్ల దగ్గరనే హద్దు చేరును. ఒక చుట్టునకు సుమారు 8.7 సెకండ్లు పట్టును. అదే కారు 8.5 సెకండ్లలో తిరిగినచో పట్టు నూటికి ఐదు పాళ్లు పెరిగినదని లెక్క. నలుబది కిలోమీటర్ల లోపలనే కారు జారుట ఎట్లుండునో ఒంటికి తెలియును. వాల్పారై కొండ అక్కరలేదు.

ఆ వలయముమీద కారు రెండు విధములుగా జారును. చక్రము ఎంత త్రిప్పినను ముక్కు బయటకు పోయినచో అది అండర్ స్టీరు. తోక బయటకు వచ్చినచో ఓవర్ స్టీరు. (వీనికి తెలుగు పేర్లు చెప్పుమని నిన్ననే ఒక పండితమిత్రులు కోరిరి. ముక్కుజారుడు, తోకజారుడు అంటిని. వారికి నచ్చలేదు. నాకు నచ్చినవి.) ముందు చక్రములు లాగు మన చిన్న కార్లు ఎక్కువగా ముక్కు జారును. అట్టి కారునకు మొదటి మందు స్పానరులో లేదు, కుడికాలిలో కలదు. ఆక్సిలరేటరు కొంచెము తగ్గించినచో బరువు ముందుకు వచ్చి ముక్కు పట్టు చిక్కును. కొంచెమనియే చెప్పుచున్నాను. హఠాత్తుగా విడిచినచో తోక జారును.

పిల్లవాడు నిలకడకు వచ్చిన తరువాత కారుమీద చేయి వేయవచ్చును. నా వరుస చెప్పెదను. ఇతరుల వరుస వేరుగా నుండవచ్చును.

అన్నిటికంటె ముందు బ్రేకు ఆయిలు. డాట్ 4 రకము క్రొత్తదిగా నున్నప్పుడు 230 డిగ్రీలకు తక్కువ వేడిమిలో మరగకూడదని నియమము. గాలిలోని తేమను పీల్చుకొనిన పిదప ఆ కొలత 155 వరకు దిగవచ్చును. పందెపు దారిలో పదే పదే త్రొక్కిన బ్రేకు ఆ వేడిని సులభముగా దాటును. ఆయిలు మరగి ఆవిరి పుట్టినప్పుడు పెడలు దూదివలె మెత్తబడి నేలకు పోవును. దాని క్రొత్త డబ్బా ధర సైలెన్సరు ధరలో ఎన్నవ వంతో మీరే చూచుకొనుడు. వేగము లెక్క కూడ తలచుడు. మంచి పట్టుగల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమునుండి సుమారు 44 మీటర్లలో ఆగును. 120 నుండి 63 మీటర్లు కావలెను. వేగము అయిదవ వంతు పెరిగినది. దూరము దాదాపు సగము పెరిగినది.

రెండవది గాలి. చల్లని టైరులో కొలిచిన పౌనులు నాలుగైదు చుట్ల తరువాత ఉండవు, వేడికి పెరుగును. కనుక దిగివచ్చిన వెంటనే కొలిచి వ్రాసుకొనవలెను. వేడిమిని కొలుచు చిన్న పరికరము దొరికినచో టైరు లోపలి అంచున, నడుమ, బయటి అంచున కొలువవలెను. నడుమ ఎక్కువ వేడియైనచో గాలి ఎక్కువ. రెండంచులును వేడియైనచో గాలి తక్కువ. బయటి అంచు మాత్రమే కాలినచో చక్రము పైభాగము లోపలికి మరికొంత వాలవలెను. టైరు ఇంత స్పష్టముగా చెప్పుచుండగా మనము మిత్రుల సలహాలు వినుచుందుము.

మూడవది చక్రముల వరుస. దీనికి పెద్ద యంత్రములున్నవి, మంచివే. కాని తాపీమేస్త్రి గోడకు త్రాడు కట్టినట్లు కారుకు రెండు ప్రక్కల త్రాడు సమముగా బిగించి, రిమ్ము ముందు అంచునకును వెనుక అంచునకును త్రాడునుండి దూరము కొలిచినను తెలియును. ముందు చక్రములు ముందువైపు స్వల్పముగా విడియున్నచో మలుపులోనికి చురుకుగా తిరుగును. వెనుక చక్రములు ముందువైపు స్వల్పముగా దగ్గరయైనచో తోక నిలకడగా నుండును. వెనుక చక్రములను విప్పార్చి పెట్టిన కారు క్రొత్తవానికి ఇయ్యకూడదు.

ఆ తరువాతనే స్టెబిలైజరు కడ్డీలు, షాక్ అబ్సార్బర్లు. ముందు కడ్డీ లావైనచో ముక్కుజారుడు పెరుగును, వెనుక కడ్డీ లావైనచో తగ్గును. ఏలన, మొత్తము కదలెడు బరువును కడ్డీ తగ్గింపదు. అందులో ముందు టైర్లు మోయు పాలెంత, వెనుక టైర్లు మోయు పాలెంత అన్నదానినే మార్చును. షాక్ అబ్సార్బరు ఆ బరువు ఎంత త్వరగా కదలవలెనో చెప్పును. ఒక దినమున ఒకటే మార్చవలెను. మార్చి, ఐదు చుట్లు తిరిగి, వ్రాసి, మరల పాతది పెట్టి, మరల ఐదు చుట్లు తిరుగవలెను. ఇది విసుగైన పనియే. ఇంజను బలము ఈ వరుసలో నేను చెప్పలేదు. మరచి కాదు.

తల్లులు అడుగవలసిన ప్రశ్న మిగిలినది. పందెపు దారి మాత్రము ప్రమాదము కాదా? అగును. అక్కడను మనుష్యులు చనిపోయిరి. కాని అందరును ఒకే దిక్కునకు పోవుదురు. జారినవానికి జారుటకు చోటుండును. హెల్మెటు లేనిదే దిగనీయరు. జెండా పట్టుకొన్నవాడు నిలిచియుండును. రాత్రి ఘాట్టులో వీనిలో ఒక్కటియు లేదు. ఎదుట వచ్చు బస్సులో మన పిచ్చితో సంబంధములేని నలుబది మంది కూర్చుండి యుందురు. కొడుకు వినడని తెలిసిన తండ్రి వలదని ఊరకుండుటకంటె, తానే ప్రక్కన కూర్చుండి చెట్టిపాళెము తీసికొనిపోవుట మేలని నేను అనుకొనుచున్నాను. మా అన్నగారు ఈ మాటను ఇంకను పూర్తిగా ఒప్పుకొనలేదు. వారు ముందు వరుసలోనే యున్నారు. ఒప్పుకొనకపోవుటకు వారికి హక్కు కలదు.

కాలు నయమైన పిదప పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, "చిన్నాయనా, మళ్లీ నడపనిస్తావా?" అని అడిగెను. రెండు వారములు జవాబు చెప్పలేదు. పిదప మూడు షరతులు పెట్టితిని. కోసిన స్ప్రింగులు తీసి కంపెనీవి వేయవలెను. ఇంజను లెక్కలు మరల పాతవే చేయింపవలెను. ప్రతి చుట్టు కాలమును తన చేతితో నోటుబుక్కులో వ్రాయవలెను. టెలిఫోనులోనే అన్నియు నమోదగును గదా యనెను. అగును, ఆ పటము చాల ఉపయోగము కూడ. అయినను వ్రాయుమంటిని. మొదటి దినమున పది చుట్లలో మంచిదానికిని చెడ్డదానికిని నాలుగు సెకండ్ల తేడా యుండెను. నాలుగవ దినమునకు అది సెకనున్నరకు వచ్చినది. కారులో ఏమియు మార్చలేదు. బ్రేకు దగ్గర ఇంకను వాని కాలు వణకుచున్నది. అది ఏ భాగము కొన్నను తీరునది కాదు గనుక, వలయముమీదికి మరల తీసికొనిపోవుచున్నాను.

వచ్చు నెల రెండవ ఆదివారము ఉదయము ఆరు గంటలకు, ఒక మిత్రుని గోదాము ముంగిట సిమెంటు మైదానమున ముగ్గు గీయుటకు అనుమతి దొరికినది. నలుగురికి చోటున్నది. వచ్చువారు బ్రేకు ఆయిలు క్రొత్తది పోయించుకొని, హెల్మెటు, నోటుబుక్కు, ఇంటిలో ఒక పెద్దను వెంటబెట్టుకొని రావలెను. పేర్లు సంఘ కార్యదర్శిగారికి ఇయ్యవచ్చును.